తల కొట్టని కుంచం

ఇన్నేళ్ళూ నా మాట ఎవరూ వినిపించుకోలేదు కాబట్టి రాస్తున్నాను. నోటితో చెప్పాను, ఫోన్లో చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్క విస్తరి వాళ్ళకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ ముఖంలో 'సత్తిబాబు మళ్ళీ మొదలెట్టాడు' అన్న నవ్వు కనిపిస్తుంది. తర్వాత ఎవరో ఒకరు పెరుగు వడ్డించమని కేకేస్తారు, నా మాట అక్కడితో ఆగిపోతుంది. కాగితం మీద రాసినదాన్ని మధ్యలో పెరుగు అడిగి ఆపలేరు కదా.

మొన్న ఏలూరులో మా రాంబాబు అన్నయ్య, అంటే మా పెదనాన్న కొడుకు, తన షాపుకి పాతికేళ్ళు నిండాయని పండగ చేశాడు. కార్లలో స్టీరియోలూ స్పీకర్లూ బిగించే షాపు అది. రోడ్డుకి అడ్డంగా షామియానా వేసి, కుర్చీలు వేసి, వచ్చినవాళ్ళందరికీ బాదంపాలు ఇప్పించాడు. నాకు చివరి వరసలో కుర్చీ దొరికింది. ముందు వరస ఖాళీగానే ఉంది, అయినా ఎవరూ రమ్మనలేదు. అన్నయ్య మైకు పట్టుకుని, తన జీవితం ఎలా మలుపు తిరిగిందో చెప్పాడు. "మా నాన్నగారు ఆకివీడు సుబ్బరాజు గారి జీపుకి మొట్టమొదటి వూఫర్ బాక్సు కట్టారండీ. అది సరిగ్గా మోగలేదు. పైపు కోసేద్దామన్నారందరూ. నేను ఒక్కసారి విని, తేడా పైపులో లేదు, కొలతలో ఉందని చెప్పాను. ఆ రోజే నాన్నగారు, ఒరేయ్ రాంబాబూ, నువ్వు ఏలూరులో షాపు పెట్టరా అన్నారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనాయన మోచేత్తో పొడిచి, "కొట్టండి, మీ అన్నగారేగా" అన్నాడు. నేను కొట్టలేదు. ఆ చప్పట్లు నావి. నా చప్పట్లు నేనే కొట్టుకుంటే ఏం బాగుంటుంది?

పైపు కోసేద్దామన్నది ఎవరో కాదు, రాంబాబే. కొలతలో తేడా ఉందన్నది నేను. ఏలూరు షాపు మీద నాకు ఆశ లేదు. తాడేపల్లిగూడెంలో నా వర్క్‌షాపు నాకుంది, నేను కట్టిన బాక్సు ఈ చుట్టుపక్కల ఏ కారులో మోగుతున్నా రోడ్డు ఇవతల నిలబడి గుర్తుపడతాను. నాకు కావలసింది ఒకే ఒక్క మాట. ఆ తేడా పట్టుకున్నది మా తమ్ముడు సత్తిబాబు అని, ఆ మైకులో కాకపోయినా కనీసం మా ఇంట్లో నలుగురి ముందు, వాడు ఒక్కసారి అనాలి.

అప్పుడు నేను పెదనాన్న ఇంట్లో ఉండి ఐటిఐ చదివేవాణ్ణి. మాది అత్తిలి దగ్గర పల్లె. పొలం మా నాన్నకీ పెదనాన్నకీ ఉమ్మడి. నాన్న ఊళ్ళో ఉండి సాగు చూసుకునేవాడు, పెదనాన్న తాడేపల్లిగూడెంలో రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగుచేస్తూ, మైకు సెట్లకి స్పీకర్ బాక్సులు కట్టేవాడు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో సిమెంటు చేసిన వసారా. వీధిలో ఎప్పుడూ ఉల్లిపాయల లారీలు నిలబడి ఉండేవి. ఆ ఘాటు మా గుడ్డల్లోకీ పుస్తకాల్లోకీ దూరిపోయేది. ఐటిఐలో నా పక్కన కూర్చున్నవాడు కళ్ళు మూసుకుని కూడా నేను వచ్చానని చెప్పేసేవాడు. వీధిలోంచి షాపులోకి అడుగుపెడితే ఉల్లి వాసన తగ్గి రంపపు పొట్టు, జిగురు, కాలిన సోల్డరింగ్ వాసన. వసారా దాటితే పెద్దమ్మ పొయ్యి మీద చేపల పులుసు. ఆ మూడు వాసనల మధ్య నా చదువు జరిగింది.

పెదనాన్న మాట తక్కువ మనిషి. బుగ్గన లవంగం పెట్టుకుని పని చేసేవాడు. చెక్క కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, నచ్చితే "ఊఁ" అనేవాడు, నచ్చకపోతే ఏమీ అనకుండా రెండో చెక్క తట్టేవాడు. ఒక బాక్సు పూర్తయ్యాక దాని మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి, పాట వేసి, నీళ్ళ మీద లేచే వలయాలు చూసేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని అరచెయ్యి చెక్కకి ఆనించేవాడు. మధ్యాహ్నం రేడియోలో వార్తలు వస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, అప్పడం కూడా చప్పుడు కాకుండా తినాలి. ఆయన ఎవర్నీ మెచ్చుకోగా నేను చూడలేదు. ఆయన దగ్గర ఆ "ఊఁ" ఒక్కటే ఉండేది. దానికోసమే రాంబాబూ నేనూ పోటీ పడేవాళ్ళం.

ఇంటి పెత్తనం పెద్దమ్మది. మా ఊరి నుంచి వచ్చిన ధాన్యం బస్తాలు వసారా పక్క గదిలో ఉండేవి. చాకలికీ, మంగలికీ, పెరట్లో పని చేసే మనిషికీ ఆమే కుంచంతో కొలిచి ఇచ్చేది. ఇనప కుంచం అది, అంచు చుట్టూ ఇత్తడి కట్టు ఉండేది. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అనేది, తర్వాత "రెండు" అంటూ రాగం తీసేది. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. గింజలు కుంచం అంచు దాటి గోపురంలా నిలబడాలి. ఆ పైన ఉన్నదాన్ని చేత్తో రాసేసి అంచుకి సమం చెయ్యడాన్ని తల కొట్టడం అనేవాళ్ళు. మా ఇంట్లో తల కొట్టేవాళ్ళు కాదు. ఇచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి రాస్తే ఇంటికొచ్చిన లక్ష్మిని తోసేసినట్టేనని పెద్దమ్మ నమ్మకం. ఆమెకి ఆమె అత్తగారు నేర్పింది. గోపురం జారిపోకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టి, కుడిచేత్తో ఇంకో గుప్పెడు పైన పోసేది. చూడముచ్చటగా ఉండేది. సరిగ్గా అదే ఆ బాక్సుని పాడుచేసింది.

సుబ్బరాజు గారు అప్పుడు కుర్రవయసులో ఉన్న చేపల రైతు. ఆకివీడు అవతల కొల్లేటి పక్కన చెరువులు తవ్వించారు. కాన్వాసు టాపు జీపులో గట్ల మీద తిరిగేవారు. కువైట్ నుంచి ఎవరో బంధువులు తెచ్చిన బేసు స్పీకర్ని, అంటే పన్నెండంగుళాల వూఫర్‌ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా షాపులోకి వచ్చారు.

"ఏవండీ పెద్దాయనా, జీపు గట్టు మీద పోతుంటే బేసు వచ్చి గుండెకి తగలాలండి. చెవికి వద్దండి, చెవికి ఉన్నది చాలండి" అన్నారు.

"బండికి టాపు కాన్వాసేగా?" అన్నాడు పెదనాన్న.

"ఆయ్. ఏమండీ?"

"శబ్దం నిలవదండి, బయటికి పోద్ది" అని పెదనాన్న ఆలోచనలో పడ్డాడు.

ఏ బాక్సు కట్టాలన్నది మొదటి తగువు. అన్ని పక్కలా మూసేసిన బాక్సైతే బేసు గట్టిగా, పొట్టిగా, తెగ్గొట్టినట్టు వస్తుంది. పైపు పెట్టిన బాక్సైతే లోపలి గాలి కూడా పైపులోంచి పాడుతుంది కాబట్టి లోతుగా, ఎక్కువగా వస్తుంది. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దం లాంటిదే. సీసా మారితే శబ్దం మారినట్టు, బాక్సులో ఖాళీని బట్టీ, పైపు పొడవుని బట్టీ ఆ బాక్సు ఏ స్వరాన్ని ఎత్తుకుంటుందో తేలుతుంది. తలుపులూ అద్దాలూ ఉన్న కారైతే మూసిన బాక్సు సరిపోయేది, కారే సగం పని చేసిపెడుతుంది. ఈ జీపుకి గోడలే లేవు. నేను పైపు ఉండాలన్నాను. రాంబాబు మూసెయ్యాలన్నాడు. పెదనాన్న నా వైపు చూడకుండానే పీవీసీ పైపు ముక్క తెమ్మన్నాడు. అది కూడా నాకు గుర్తుంది, వాడికి గుర్తుండదు.

రెండో చిక్కు కొలత. ఇన్ని లీటర్ల ఖాళీ ఉన్న బాక్సు కావాలి, ఇంత పైపు కావాలి అని వూఫర్‌తో వచ్చిన కాగితంలో ఉంది. చదరపు బాక్సైతే పొడవూ వెడల్పూ ఎత్తూ గుణిస్తే చాలు. జీపు వెనక రెండు పక్కలా చక్రాల గూళ్ళు పొడుచుకొచ్చి ఉన్నాయి. సీటు వాలుగా ఉంది. వాటి మధ్య ఇరికేలా కట్టిన బాక్సుకి ఒక మూల కోత, ఒక పక్క వాలు, లోపల అడ్డపట్టీలు. పెదనాన్న గోడ మీద సుద్దతో లెక్కలు వేసి, చెరిపి, మళ్ళీ వేశాడు. వసారాలో చింతకాయ తొక్కు దంచుతున్న పెద్దమ్మ అదంతా చూసి, "అంత అవస్థ ఎందుకండీ? ధాన్యం పోసి చూసుకోండి. ఎంత పడితే అంతే" అంది.

ఆ ఆలోచన పెద్దమ్మది. దాన్ని కూడా రాంబాబు మైకులో నాన్నగారిదన్నాడు.

ముందు కుంచం ఎన్ని లీటర్లో తెలియాలి కదా. పాలవాడి లీటరు డబ్బా అడిగి తెచ్చి, కుంచం అంచుదాకా నీళ్ళు పోసి చూసింది నేనే. కాగితంలో ఉన్న లీటర్లని కుంచాల్లోకి మార్చి పెదనాన్నకి చెప్పాను, ఆయన ఊఁ అన్నాడు. మర్నాడు నేను క్లాసుకి పోయాను. నేను లేనప్పుడు బాక్సుని బోర్లించి, వూఫర్ కోసం కోసిన గుండ్రటి కన్నం కింద పెద్ద ఇత్తడి పళ్ళెం పెట్టి, ఇంకా మూయని వెనక వైపు నుంచి పెద్దమ్మ ధాన్యం పోసింది. రాంబాబు బాక్సు పట్టుకుని లెక్కపెట్టాడు. చెప్పినన్ని కుంచాలు పడ్డాక గింజల మట్టం దగ్గర చుట్టూ పెన్సిల్ గీత గీసి, ఆ గీత మీద కోసి, వెనక చెక్క బిగించేశారు. నేను సాయంత్రం వచ్చేసరికి బాక్సుకి జిగురు ఆరుతోంది, వసారా అంతా ధాన్యపు దుమ్ము, పెద్దమ్మ తుమ్ముతోంది.

సుబ్బరాజు గారు వచ్చారు. వూఫర్ బిగించి, జీపులో పెట్టి, పాట వేశాం. తక్కువలో బాగానే ఉంది. కాస్త పెంచగానే బేసు వదులైపోయింది. తడిసిన డప్పు మీద కొట్టినట్టు, దరువుకి దరువుకి మధ్య తెంపు లేకుండా సాగుతోంది. ఇంకొంచెం పెంచితే వూఫర్ మధ్యలో ఉండే అట్ట ముందుకీ వెనక్కీ పిచ్చిగా ఊగి లోపల ఎక్కడో టక్కుమని కొట్టుకుంది. గ్లాసులో నీళ్ళు వలయాలు కట్టకుండా ఒలికిపోయాయి. పెదనాన్న చెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

సుబ్బరాజు గారు మర్యాదస్తుడు. "బాగుందండి. బాగానే ఉందండి. కాకపోతే గుండెకి తగలమంటే పొట్టకి తగుల్తోందండి" అన్నారు. మళ్ళీ తనే, "చేపల పట్టుబడి రోజుకి అందరూ వస్తారండి చెరువు దగ్గరికి. ఈలోపు అవ్వకపోతే చెప్పండి, బెజవాడ తీసుకెళ్తాను. మీరేం అనుకోకండి" అన్నారు. అంత మెత్తగా అన్న మాటకే పెదనాన్న నోట్లో లవంగం నలగడం ఆగిపోయింది. మైకు సెట్ల బాక్సుల్లో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. కారు బాక్సు ఇదే మొదటిది. ఇది బెజవాడ పోయిందంటే కొల్లేటి చెరువుల మీద తిరిగే ఏ జీపూ ఇక మా వీధిలోకి రాదు.

"పైపు పొడుగైంది నాన్నా. కోసేద్దాం" అన్నాడు రాంబాబు. పైపు కోస్తే స్వరం పైకెక్కుతుంది, సాగడం కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ వూఫర్ అట్ట పిచ్చిగా ఊగడం పోదు. బాక్సులో ఉన్న గాలే వెనక నుంచి అట్టని పట్టుకుని అదుపులో పెడుతుంది. గాలి ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే పట్టు సడలిపోతుంది. నాకు ఆ అనుమానమే వచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది కదా, గాలి ఎక్కువెలా అవుతుందన్నది తెలియలేదు. నాకు తెలియలేదన్న సంగతి దాచను. ఆ రాత్రికి తెలియలేదు, పొద్దున్నే తెలిసింది.

పొద్దున్న పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. చాకలి మంగమ్మ చాట పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ "లాభం" అంటూ కుంచం నింపి, ఎడమచెయ్యి అడ్డం పెట్టి పైన గోపురం కట్టింది. మంగమ్మ చాటలోకి ఒంపుతుంటే ఆ గోపురంలోంచి గింజలు గట్టు మీద ఉన్న తడిలోకి జారాయి. ఆ తడి నా చెంబులోంచి ఒలికిన నీళ్ళు. నీళ్ళనీ గింజల్నీ ఒకేచోట చూశాను. అంతే. నోట్లో నురుగుతోనే షాపులోకి పరిగెత్తాను.

పెదనాన్న అప్పటికే వెనక చెక్క స్క్రూలు విప్పి, పైపు మీద హ్యాక్సా ఆనించాడు. పైపు అవతలి కొస రాంబాబు పట్టుకున్నాడు.

"పెదనాన్నా, కొయ్యకండి! తప్పు కుంచంలో ఉంది!"

"ముందు నోరు కడుక్కురారా" అన్నాడు రాంబాబు.

"కుంచాన్ని నీళ్ళతో కొలిచాం. ధాన్యంతో పోశాం. నీళ్ళు గోపురం కట్టవు. ధాన్యం కడుతుంది. ప్రతి కుంచానికీ పైన ఎంత పడిందో చూడండి, బాక్సు అంతమేర పెద్దదైపోయింది!"

పెదనాన్న హ్యాక్సా తియ్యలేదు, లాగనూ లేదు. రాంబాబు తగ్గలేదు. "అదేం కాదు. లాభం అన్నదాన్ని లెక్కలో వేసి ఉండదు అమ్మ. ఒక కుంచం తేడా వచ్చుంటది" అన్నాడు. వెనకే వచ్చిన పెద్దమ్మ ఆ మాట విని గుమ్మంలోనే ఆగింది. "లాభం లెక్కెట్టడం నాకు నువ్వు నేర్పుతావేంట్రా? పక్కన నిలబడి పట్టుకున్నది నువ్వు కాదూ?" అని వాడి మీద లేచి, తర్వాత నా వైపు తిరిగింది. "ఏరా సత్తిబాబూ, నా చెయ్యి తప్పంటావా?"

"నీ చెయ్యి తప్పు కాదు పెద్దమ్మా. ఒక్క కుంచం కొలువు. ఎప్పుడూ కొలిచినట్టే."

ఆమె కోపంగా కొలిచింది. కోపంలో గోపురం ఇంకా ఎత్తుగా వచ్చింది. నేను బల్ల మీద స్కేలు తీసి అంచు వెంట లాగి, పైదంతా పళ్ళెంలోకి రాల్చాను. ఆ ఇంట్లో కుంచానికి తల కొట్టగా చూడటం వాళ్ళకి అదే మొదటిసారి. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పళ్ళెంలో గింజలు కుప్పగా ఉన్నాయి. పెదనాన్న ఆ కుప్ప వైపు చూశాడు, కుంచం వైపు చూశాడు, హ్యాక్సా కింద పెట్టాడు. "ఊఁ" అన్నాడు. నా వైపు చూసే అన్నాడు. ఇది నేను కల్పించడం లేదు.

పైపుని ముట్టుకోలేదు. బాక్సులో మామిడి చెక్క దిమ్మలు బిగిస్తూ పోయాం. ఒక్కో కుంచానికీ తల కొట్టి, చెప్పినన్ని కుంచాలు పోస్తే గింజలు సరిగ్గా పైఅంచుకి వచ్చేదాకా దిమ్మలు కలిపాం. ఒక దిమ్మ ఎక్కువైతే తీశాం, చిన్నది పెట్టాం. గింజలన్నీ దులిపేసి, వెనక చెక్క బిగించి, పాట వేశాం. కబురందుకుని వచ్చిన సుబ్బరాజు గారు జీపు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. మొదటి దరువుకి ఆయన చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. "ఇదండీ! ఇదేనండీ నేను చెప్పింది!" అన్నారు. దరువు ఎక్కడ మొదలైందో అక్కడే ఆగుతోంది. గ్లాసులో నీళ్ళు గుండ్రంగా, ఒకదానిలో ఒకటి వలయాలు కట్టాయి.

జీపుతో ఆకివీడుదాకా ఒకళ్ళు వెళ్ళి దారిలో ఏమైనా వదులైతే బిగించాలి. రాంబాబు చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నేను ధాన్యపు దుమ్ములో ఉన్నాను. వాడు ఎక్కాడు, నేను వసారా ఊడ్చాను. దారిలో సుబ్బరాజు గారు, అసలేంటండీ తేడా అని అడిగి ఉంటారు. వాడేం చెప్పాడో, కొన్ని వారాలకి ఆయన కొర్రమీనులు పట్టుకుని మా షాపుకి వచ్చినప్పుడు తెలిసింది. "మీ రాంబాబు గారి బుర్రే బుర్రండి. కొలతలో తేడాని ఇట్టే పట్టేశారట" అన్నారు నా ముందే. నేను రాంబాబు వైపు చూశాను. "టీ తాగుతారాండీ?" అన్నాడు వాడు ఆయన్ని. ఆయన వెళ్ళాక అడిగాను. "ఉండరా, నీకూ టీ తెస్తాను" అని బయటికి పోయాడు. ఆ తర్వాత చెరువుల వాళ్ళందరూ రాంబాబు గారి బాక్సు కావాలంటూ వచ్చారు. పెదనాన్న అటూ ఇటూ ఏమీ అనలేదు. ఆయన మాట తక్కువ మనిషని ముందే చెప్పాను. ఆయన మీద నాకు కోపం లేదు, కానీ ఆ రోజు ఆయన ఇంకొక్క మాట వాడి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇంకో సంగతి. బాక్సు మోగిన మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దమ్మ అందరికీ హస్తంతో, అంటే అన్నం వడ్డించే గరిటెతో, అన్నం గోపురంలా తీసి పెట్టింది. నా కంచం దగ్గరికి వచ్చి, హస్తాన్ని గిన్నె అంచుకి రాసి, సమం చేసి పెట్టింది. "నీకు తల కొట్టాలి కదరా. లేకపోతే లెక్క తప్పుద్ది" అంది. రేడియోలో వార్తలు వస్తున్నా సరే రాంబాబు గట్టిగా నవ్వాడు. పెదనాన్న కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా అన్నానికి తల కొట్టే పెట్టింది. చుట్టాలొచ్చినా అంతే, ఎవరు అడిగినా ఆ కథ చెప్పి నవ్వించేది. తల కొట్టినా నాకే ఎక్కువసార్లు పెట్టేది, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా ఎగతాళి ఎగతాళే. నా పెళ్ళిలో మా అత్తవారి ముందు కూడా చేసింది.

ఏలూరు పండగ అయ్యాక నేను ఊరుకోలేదు. ఆకివీడు వెళ్ళాను. సుబ్బరాజు గారు ఇప్పుడు జుట్టు నెరిసి, మోకాళ్ళ నొప్పులతో చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుంటున్నారు. జీపు ఎప్పుడో పోయింది. బాక్సు ఉందా అని అడిగితే మేత బస్తాల వెనక చూపించారు. వూఫర్ తీసేసిన కన్నంలోంచి ఒక కోడిపెట్ట తల బయటపెట్టి మమ్మల్ని చూసింది. లోపల గుడ్లు పొదుగుతోంది. దాన్ని కదలనివ్వకుండా పక్కనుంచి చెయ్యి దూర్చి తడిమాను. కొల్లేటి చెమ్మకి చెక్క ఉబ్బింది గానీ, నా మామిడి దిమ్మలు బిగించినచోటే ఉన్నాయి.

"చూడండి, దిమ్మలున్నాయి" అన్నాను.

ఆయనా చెయ్యి పెట్టి చూశారు, పెట్ట పొడిచింది. "ఆయ్, ఉన్నాయండి. మీ అన్నగారు పెట్టినవే కదండీ?"

"నేను పెట్టానండి."

ఆయన నన్ను పరీక్షగా చూశారు. "అవునాండీ? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?" అన్నారు. చెక్క మాట్లాడదు. బాక్సు దొరికితే చాలు, సాక్ష్యం దొరికినట్టేనని అంతదూరం వెళ్ళాను. అది మోగింది, మోగడమే దాని పని. ఎవరి వల్ల మోగిందో అది చెప్పలేదు.

తిరుగు దారిలో ఏలూరులో దిగాను. పెదనాన్న పోయాక పెద్దమ్మ రాంబాబు దగ్గరే ఉంటోంది. షాపు ముందు ఒక కొత్త కారు ఆగి ఉంది. దాని తాలూకు కుర్రాడు ఫోన్లో వూఫర్ పేరు కొట్టి, డిక్కీ కొలతలు కొట్టి, బాక్సెంతో పైపెంతో చూపిస్తున్నాడు. నేను ఫోన్ని తిట్టను. నేనూ వాడతాను. ఫోను తల కొట్టే కొలుస్తుంది, ఎవరి ఇంట్లోనైనా ఒకేలా కొలుస్తుంది. మా రోజుల్లోలాగా బాక్సు కట్టడానికి పెద్దమ్మ చెయ్యీ, పాలవాడి డబ్బా, మంగమ్మ చాటా అక్కర్లేదు. ఇప్పటి బాక్సులు చాలావరకు మొదటిసారికే సరిగ్గా మోగుతాయి. అది మంచిదే. కానీ ఇప్పుడు తేడా వస్తే అది ఏ చేతిలోంచి వచ్చిందో వెతికి పట్టుకోగలిగిన వాళ్ళు తక్కువ. నేను పట్టుకోగలను. ఆ ఒక్క పొద్దుట నేర్చుకున్నదే ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది.

భోజనానికి కూర్చున్నాం, రాంబాబు నా ఎదురుగా. పెద్దమ్మ ఇప్పుడు వడ్డించడం మానేసింది, చెయ్యి వణుకుతుంది. నన్ను చూసి మాత్రం కోడలి చేతిలోంచి హస్తం తీసుకుంది. రాంబాబు కంచంలో గోపురంలా పెట్టింది, సగం బల్ల మీద రాలింది. నా దగ్గరికి వచ్చేసరికి హస్తాన్ని గిన్నె అంచుకి ఆనించి, మెల్లగా, శ్రద్ధగా రాసింది. "నీకు తల కొట్టాలి కదరా" అంది. కోడలు నవ్వి, "ఎందుకత్తయ్యా, ఆయనకే ఎందుకు?" అంది. "అదేంటే, కుంచంలో తప్పు పట్టింది వీడేగా! నా అంతదాన్ని పట్టుకుని తప్పన్నాడు!" అని పెద్దమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నేను నవ్వలేదు. రాంబాబు వైపు చూశాను. వాడు పప్పు కలుపుకుంటున్నాడు, కలిపిందే కలుపుతున్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, "షాపులో ఎవరో వచ్చినట్టున్నారు. కూర్చోరా, టీ పంపిస్తాను" అని లేచిపోయాడు.

అన్నయ్యా, నేను అడిగేది ఇంతే. ఆ తప్పు పట్టింది నువ్వే అయితే, ఇన్నేళ్ళుగా మీ అమ్మ తల కొట్టి అన్నం పెట్టాల్సింది నీకు. నాకెందుకు పెట్టింది? పెట్టినప్పుడల్లా పక్కన కూర్చుని నువ్వెందుకు నవ్వావు? ఎగతాళి నాదైనప్పుడు ఆ పనీ నాదే కదా. ఈ కాగితాలు నీ షాపుకి నేనే తెచ్చి ఇస్తాను, చదివేదాకా ఎదురుగా కూర్చుంటాను. నాకు టీ వద్దు. సమాధానం చెప్పు.